శిశువుల పక్షమున గురజాడ

ఏటేట సెప్టెంబరు 21వ తేదీని తెలుగునాట ఊరూర గురజాడ అప్పారావుగారి విగ్రహములకు పూలమాలలు వేయుదురు. పాఠశాలలలో పిల్లలు వారి దేశభక్తి గీతమును పాడుదురు. వాడుకభాషకు పట్టము గట్టిన ధీరుడనియు, నవ్యకవిత్వమునకు మార్గదర్శి యనియు, ఆంధ్ర నాటకరంగమునకు వెలలేని కానుక నొసగిన మహాకవి యనియు సభలలో వక్తలు కీర్తింతురు. ఈ కీర్తి యంతయు న్యాయమైనదే. కాని ఈ సందడిలో మరుగుపడుచున్న విషయ మొక్కటి కలదని మా యభిప్రాయము. కన్యాశుల్క నాటకము వెనుక ఒక జాబితా నిలిచియున్నది. ఆ జాబితాలోనివారు పసిబిడ్డలు. ఆ బిడ్డలకు జరుగుచున్న కీడును కీడని గుర్తించి, లెక్కతో సహా లోకమునకు ఎరుకపరచిన వారిలో అప్పారావుగా రొకరు. ఈ జయంతి దినమున ఆ దృష్టితో వారి జీవితమును పాఠకులకు జ్ఞాపకము చేయదలచితిమి.

అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని విశాఖపట్టణ మండలములోని రాయవరమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వేంకటరామదాసుగారు; తల్లి కౌసల్యమ్మగారు. తండ్రి విజయనగర సంస్థానపు కొలువులో నుండుటచే బాల్యము చీపురుపల్లిలో గడచెను. పై చదువునకై విజయనగరము చేరినప్పుడు అచ్చటి కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలుని తమ యింట నుంచుకొని ఆదరించిరి. కన్నవారి నీడ విడచివచ్చిన పిల్లవానికి పరుల యింట కడుపునిండ అన్నమును, మనసునిండ చదువును లభించుట సామాన్యమైన భాగ్యము కాదు. వ్యావహారిక భాషోద్యమమున తరువాత తమకు తోడునీడయైన గిడుగు రామమూర్తిగారితో మైత్రియు విజయనగరముననే కుదిరినది. 1882లో మెట్రిక్యులేషనును, 1884లో ఎఫ్.ఏ.ను, 1886లో బి.ఏ. పట్టమును సాధించి, కొలదికాలము గుమాస్తాగిరి చేసి, 1887లో ఆ కళాశాలయందే ఉపన్యాసకులైరి.

విద్యార్థిదశయందే వారు ఆంగ్లమున సారంగధర చరిత్రమును కావ్యముగా వ్రాసిరి. కలకత్తానుండి పత్రిక నడపుచుండిన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని ప్రకటించి, ఇంత శక్తి గలవారు మాతృభాషలో వ్రాయవలయునని ప్రోత్సహించిరి. సారంగధరుని కథ మన యింటింట నెరిగినదే. సవతితల్లి మోపిన నిందను విచారింపకయే తండ్రి తన బిడ్డ కాలుసేతులు నరికింపజేసిన కథ యది. యౌవనారంభమున కవి చేయి మొదట ఆ కథమీదకు పోవుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను ఇంటిపెద్దల చేతిలో బిడ్డకు జరుగు అన్యాయము వారి రచనలలో పలుమారులు కానవచ్చుచున్నది.

ఆ కాలపు ఉత్తరాంధ్ర అగ్రహారముల స్థితిని ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. ఆడుబిడ్డకు రజస్వల గాకమునుపే వివాహము చేయవలయునను ఆచారము అప్పటి బ్రాహ్మణ కుటుంబములను బంధించియుండెను. భార్య చనిపోయిన ముదుసలియు మరల పెండ్లాడవచ్చును. భర్త చనిపోయిన పసిదానికి మాత్రము మరల పెండ్లి లేదు. కావున డబ్బుగల వృద్ధులు బాలికలకై వెదకుటయు, అప్పులలో మునిగినవారును, ఆశాపాతకులును తమ బిడ్డలను వారికి వెలకట్టి యిచ్చుటయు పరిపాటియైనది. ఆ సొమ్మునకే కన్యాశుల్కమని పేరు. కొన్నియేండ్లకే ముదుసలి కాలము చేయును. ఆ బాలిక తల గొరిగించుకొని, ఒంటిపూట తిని, శుభకార్యములకు ఎదురు రాగూడని మనిషియై పుట్టింటి వంటయింట బ్రదుకు నీడ్చును. కన్యకై శుల్కము గొన్న తండ్రి సంతానమును అమ్ముకొన్నవాడే యని మనుస్మృతియే నిషేధించినది. ఆ స్మృతిని కంఠస్థము చేసిన ఇండ్లలోనే ఈ బేరము జరుగుచుండెను. దీనిని ఎవరును హింస యనలేదు. పెండ్లి యనిరి. మేళతాళములు మ్రోగించిరి. చేటునకు శుభమను పేరు పెట్టినచో దానిని గుర్తించు కన్ను మూతపడును.

మూతపడిన ఆ కన్నును తెరపించుటకు విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు ఒక పని చేయించిరి. విశాఖపట్టణ మండలములో సామాన్య బ్రాహ్మణ కుటుంబములయందు మూడు సంవత్సరములలో శుల్కము గొని జరిపిన వివాహములను గూర్చి వారొక పట్టికను సిద్ధపరపించిరి. ఈ సంగతిని అప్పారావుగారు 1897లో కన్యాశుల్కము మొదటి కూర్పునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో వెల్లడించిరి. పట్టిక తయారై అప్పటికి సుమారు పదియేండ్లు. బిడ్డను ఇచ్చి సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు ఇష్టపడువారు అరుదు గనుక అది సంపూర్ణమైన లెక్క కాదని కూడ వారు చెప్పియే యుంచిరి. అట్లు లోపించిన లెక్కలోనే 1,034 వివాహములు తేలినవి; ఏటికి సగటున 344. వీనిలో వధువు వయస్సు ఐదేండ్లుగా నున్నవి 99, నాలుగేండ్లవి 44, మూడేండ్లవి 36, రెండేండ్లవి 6. ఒక్క యేడు నిండిన పసికందులు మువ్వురు. ఆ మువ్వురిలో ఒక్కొక్కరి వెల 350 మొదలు 400 రూపాయలు. తల్లి గర్భముననున్న శిశువునకును బేరము కుదుర్చుకొనుట కలదని పీఠిక తెలుపుచున్నది.

పాఠకులు ఈ అంకెలను ఒకమారు కూడిచూడవలయును. ఐదేండ్లును అంతకు లోపును వయస్సుగల పెండ్లికూతుండ్రు 188 మంది. వీరిలో ఏ ఒక్క పెండ్లియు చీకటిలో జరిగినది కాదు. ప్రతి పెండ్లికిని ముహూర్తము పెట్టిన జ్యోతిష్కుడు కలడు. మంత్రము చెప్పిన పురోహితుడు కలడు. విందు కుడిచిన బంధువులు, పందిరి వేసిన ఇరుగుపొరుగువారు కలరు. ఒక్కొక్క పెండ్లికి ఏబదిమంది చూపరులున్నారనుకొన్నను మూడేండ్లలో లక్ష కన్నులకు పైగా ఈ తంతును చూచినవి. చూచినవారు ఎవరికిని ఫిర్యాదు చేయలేదు. చేయుటకు అధికారియు లేడు, చట్టమును లేదు. అన్నిటికంటె ముందు, ఫిర్యాదు చేయదగిన దొకటి జరిగినదను తలంపే వారికి కలుగలేదు. పట్టిక చేసిన మేలు ఇదియే. వేరువేరు ఇండ్ల గుట్టుగా నుండినది ఒక కాగితముమీద చేరినంతనే ఒక మండలము చేసిన నేరముగా కానవచ్చెను.

ఆ దశాబ్దములో దేశమంతటను ఈ విషయమై కలవరము పుట్టియుండెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహమును జరిపించి బహిష్కారముల నెదుర్కొనుచుండిరి. బొంబాయిలో బెహ్రాంజీ మలబారీగారు 1884లో బాల్యవివాహములపై తమ విజ్ఞాపనములను ప్రకటించిరి. 1890లో కలకత్తా న్యాయస్థానమున, పదియేండ్లు దాటిన మాత్రపు బాలిక భర్తచేతనే మరణించిన అభియోగము విచారణకు వచ్చెను. నాటి శిక్షాస్మృతి భార్యకు రక్షణ నిచ్చినది పదియేండ్ల వరకే. బాలిక ఆ హద్దును దాటియుండుటచే అతనిపై బలాత్కార నేరమును మోపుటకే వీలులేకపోయెను. ఆ కలవరమునుండియే 1891లో ఆ హద్దును పండ్రెండేండ్లకు పెంచు శాసనము వెలువడెను. పరదేశ ప్రభుత్వము మన గృహధర్మములో చేయిపెట్టరాదని బాలగంగాధర తిలకుగారు మొదలైన దేశభక్తులు దానిని ప్రతిఘటించిరి. తిలకుగారియందు మాకు గల గౌరవము ఇంతింతని చెప్పనలవి కాదు. అయినను జాతీయపత్రిక వారమైన మేము ఈ మాటను దాచరాదు. ఆ వివాదములో స్వాతంత్ర్యవాదము పెద్దల పక్షమున నిలిచినది. బిడ్డల పక్షమున నిలువలేదు. దేశమను పదమునకు గురజాడవారు చెప్పిన అర్థమును ఎరుగని ఆంధ్రుడు లేడు. ఆ అర్థములో ఐదేండ్ల పెండ్లికూతురు చేరదా యని నాటి పెద్దలు ఎవరికి వారు ప్రశ్నించుకొనవలసియుండెను.

జాబితా చదువగలవారు కొలదిమంది. చదువురాని బహుజనమునకు తెలియజెప్పవలెనన్న రంగస్థలమే దిక్కని అప్పారావుగారు నిశ్చయించిరి. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను. 1897లో మహారాజునకు అంకితమై అచ్చుపడెను. అదే సంవత్సరమున ఆనందగజపతివారు పరమపదించుట కవికి తీరని దెబ్బ. పిమ్మట వారు మహారాజు సోదరియగు రీవా మహారాణిగారి కొలువున కార్యదర్శిగా నుండిరి. సంస్థానపు వ్యవహారముల బరువునడుమ, ఎన్నడును దృఢముగా నుండని ఆరోగ్యముతోనే, నాటకమును చాలవరకు తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. నేడు మన మెరిగిన కన్యాశుల్కము అదియే.

నాటకములోని హాస్యమునకు నవ్వనివారు లేరు. ఆ నవ్వు చాటున నున్న కథను మాత్రము ఒక బిడ్డ పక్షమునుండి చూతము. కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానులు వేదము చదివిన గృహస్థు. ఆయన పెద్దకూతురు బుచ్చమ్మ యిదివరకే బాలవితంతువు. అట్లయ్యును రెండవకూతురు సుబ్బిని లుబ్ధావధానులను ముదుసలికి ఇచ్చుటకు బేరమాడెను. తల్లి వెంకమ్మ అడ్డుపడెను, మాట చెల్లలేదు, నూతిలో పడెను, బ్రదికి బయటపడినను భర్త మనసు మారలేదు. చిన్నదాని పెండ్లిని గూర్చి ఇంటిల్లిపాదియు మాటలాడుదురు. సుబ్బి మాట యెవరికిని పట్టదు. కవి ఈ తండ్రిని రాక్షసునిగా చిత్రింపలేదని గమనింపవలయును. కోపిష్ఠి, వ్యాజ్యములపిచ్చి గలవాడు, అంతే. తనకు తాను ధర్మపరుడే. బిడ్డకు కీడు చేయువాడు వికృతరూపముతో చీకటినుండి వచ్చునని మనము భావింతుము. వాడు పీటమీద కూర్చుండి సంధ్యవార్చుకొనువాడు కూడ కావచ్చునని అప్పారావుగారు చూపిరి.

ఇంకొక పాత్రను గూర్చియు చెప్పవలయును. గిరీశము ఆ యింటికి వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున వచ్చినవాడు. సంఘసంస్కారమును గూర్చి అనర్గళముగా ఉపన్యసింపగలడు. ఇంటివారి నమ్మకము సంపాదించినాడు, పిల్లలకు ప్రీతిపాత్రుడైనాడు. వాని చూపు మాత్రము బుచ్చమ్మమీద. ఆమెను లేవదీసికొనిపోవుటకు చెల్లెలి పెండ్లి ప్రయాణమునే అదనుగా వాడుకొన్నాడు. బిడ్డలున్న యింట నమ్మకము నార్జించుకొన్న మనిషి ఆ నమ్మకమును ఎట్లు వాడుకొనునో తెలియగోరువారు గిరీశమును మరల చదువవలయును. అతడు మనలను నవ్వించుటచే అతని అపరాధము తేలికపడినట్లు తోచును. అది మన దోషము. కవి తుదకు అతనికి బుచ్చమ్మ దక్కకుండ చేసి, ఆమెను పునహాలోని వితంతు శరణాలయమునకు పంపు ఏర్పాటు చేయించెను.

సుబ్బిని కాపాడినవారు ఎవరు? మేనమామ కరటకశాస్త్రియు, వేశ్యయైన మధురవాణియు. శాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి ముదుసలికి అంటగట్టెను; మధురవాణి దానికి తోడ్పడెను. పరువుగలవారు ఊరకుండగా పరువులేదని లోకము త్రోసివేసిన మనిషి పూనుకొనుట మన మనస్సులను పొడువక మానదు. కాని ఈ పరిష్కారములోని చేదును కూడ గ్రహింపవలయును. చెప్పుకొనుటకు చోటులేని లోకములో బిడ్డను రక్షించుటకు మాయోపాయమే మిగిలినది. కరటకశాస్త్రి వంటి మేనమామ లేని పిల్లల గతి యేమి?

ఆ ప్రశ్నకు సమాధానము పూర్ణమ్మ గీతమున కలదు. 1910 ప్రాంతమున ముత్యాలసరముల కాలమున వారు వ్రాసిన గేయములలో అది కరుణరసమునకు నిధి. పూజారివారి బిడ్డ, సొమ్మునకు ఆశపడి తండ్రి ముసలివానికి కట్టబెట్టెను. అత్తవారింటికి తీసికొనిపోవ మగడు వచ్చినవేళ ఆ బాలిక అన్నదమ్ములకు అప్పగింతలు చెప్పెను. తన పేరును తలచుకొనుమనియు, తమకు పుట్టబోవు బిడ్డలలో ఒకతెకు ఆ పేరు పెట్టుమనియు వేడుకొనెను. పిదప పూలు కోసికొని దుర్గగుడి కోనేటివంక పోయెను, మరల రాలేదు. ఆ మాటలలోని అర్థము నెరిగి ఆమె చేయి పట్టుకొని ఆపినవారు ఒక్కరును లేరు. బిడ్డ తన బాధను పెద్దలవలె వాక్యములుగా కూర్చి చెప్పదు. ఆటలు మానును, నిద్రలో ఉలికిపడును, ఒకానొకని పేరు చెప్పినంతనే ఒదిగిపోవును, చదువులో వెనుకబడును, కారణము లేక ఏడ్చును, పోవుదాననను మాట నోట తెచ్చును. వీనిలో ఏ యొక్కటియు నిశ్చయమైన సాక్ష్యము కాదు. కాని దగ్గర కూర్చుండి మెల్లగా అడుగుటకు ఏదియైనను చాలును. పూర్ణమ్మను ఎవరును అడుగలేదు.

అప్పారావుగారి తుదిదినములు భాషావాదముతో నిండియున్నవి. 1911లో వారు మద్రాసు విశ్వవిద్యాలయపు బోర్డు ఆఫ్ స్టడీసు సభ్యులైరి. 1914లో గ్రాంథికభాషాపక్షమునకు ప్రతిగా తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. 1915వ సంవత్సరము నవంబరు 30వ తేదీని విజయనగరమున, ఏబదిమూడేండ్ల వయస్సున, స్వర్గస్థులైరి. గ్రాంథికపు ఛాయలు వదలని భాషలో వ్రాయుచు వారి నిట్లు స్తుతించుట మాకే కొంత సిగ్గుగా నున్నది. అయినను భాషావాదమునకును శిశురక్షణమునకును ఒక సంబంధము కలదని చెప్పి ఆ సిగ్గును కొంత దిద్దుకొందుము. బిడ్డ తన మొరను చెప్పునది ఇంటిమాటలో. దానిని పెద్దల భాషలోనికి, కచేరీ భాషలోనికి మార్చినకొలది మొరలోని ప్రాణము పోవును. 2012లో మన పార్లమెంటు చేసిన లైంగిక నేరములనుండి బాలల రక్షణ చట్టము, బిడ్డ చెప్పినది చెప్పినట్లే, నమ్మకముగల పెద్దవారి యెదుట, వ్రాసికొనవలయునని శాసించినది. వాంగ్మూలము తీసికొను పోలీసు అధికారి యూనిఫారము ధరింపరాదని కూడ దానిలో కలదు. ఉన్నమాటను ఉన్నట్లు కాగితముమీద పెట్టవలయునని గురజాడవారు సాహిత్యమునకు కోరినది, న్యాయస్థానములో బిడ్డకు దక్కుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

శాసనముల చరిత్రమును సంగ్రహముగా చెప్పుదుము. 1929లో హరవిలాస శారదాగారి పేర ప్రసిద్ధమైన చట్టము వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది ఏండ్లు హద్దు చేసెను. 1949లో వధువు వయస్సు పదునైదు అయ్యెను. 1978లో వధువునకు పదునెనిమిదియు, వరునకు ఇరువదియొకటియు అయ్యెను. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ఇంకొక అడుగు ముందునకు వేసినది. పెండ్లికై బాలికను అమ్మినచో ఆ పెండ్లి చెల్లనే చెల్లదు. జరిపించిన పురోహితుడును, ప్రోత్సహించిన తల్లిదండ్రులును శిక్షార్హులు. పెండ్లి జరుగుటకు ముందే న్యాయాధికారి దానిని ఆపివేయవచ్చును. అనగా లుబ్ధావధానుల బేరమును కరటకశాస్త్రి మాయలేకయే రద్దుచేయగల శాసనము నాటకము మొదట ఆడిన 114 సంవత్సరములకు వచ్చినది. 2017లో సర్వోన్నత న్యాయస్థానము, పదునెనిమిదేండ్లలోపు భార్యకును బలాత్కారమునుండి రక్షణ కలదని తీర్పు చెప్పి, 1890 నాటి కలకత్తా అభియోగమున న్యాయమునకు అడ్డువచ్చిన సందును మూసివేసినది.

చట్టములు వచ్చినవి, మౌనము పోయినదా? మరల లెక్కలనే అడుగుదము. 2007లో కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు సంక్షేమశాఖ పదుమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదికను ప్రకటించినది. నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగిక బాధకు గురియైనట్లు చెప్పిరి. పాల్పడినవారిలో సగముమంది బిడ్డకు పరిచితులు, లేదా బిడ్డ నమ్మదగిన స్థానముననున్నవారు. బాధపడినవారిలో ఆడుపిల్లలేకాదు, మగపిల్లలును కలరు. అధికసంఖ్య కానవచ్చిన రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఒకటి యని వ్రాయుటకు మా కలము వెనుదీయుచున్నది. కాని వ్రాయక తప్పదు. ఇక బాల్యవివాహముల మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5, దేశమంతటికి సగటు 23.3. కన్యాశుల్కము పోయి వరకట్నము వచ్చినది. వయస్సుతోపాటు కట్నము పెరుగునను భయమున చిన్ననాడే పిల్లను సాగనంపు తల్లిదండ్రులు నేడును కలరు. బేరము దిశ మారినది; బేరమునకు లోబడినది మాత్రము ఆ ఆడుబిడ్డయే.

ఆనాటి చూపరులకును నేటి మనకును ఒక్క భేదము కలదు. వారికి చెప్పుకొనుటకు చోటు లేదు; మనకు కలదు. పదునెనిమిదేండ్లలోపు బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలుపవలయునని 2012 చట్టము విధించినది. తెలిసియు తెలుపకుండుట నేరము. సద్బుద్ధితో తెలిపినవారిపై వ్యాజ్యము నడువదు. చెప్పలేకపోయిన బిడ్డను మాత్రము చట్టము తప్పుపట్టదు. 1098 అను సంఖ్యకు టెలిఫోను చేసిన ఏ వేళనైనను పిల్లల సహాయమునకై వినువారు కలరు. ఇరుగింటి బాలికకు తొందరపడి ముహూర్తము పెట్టిరని తెలిసినను ఆ సంఖ్యకే చెప్పవచ్చును. బిడ్డ ధైర్యము చేసి నోరువిప్పినప్పుడు పెద్దలు చేయవలసిన పని కొంచెమే. నమ్మవలయును, తప్పు నీది కాదని చెప్పవలయును, పదేపదే గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు, పరువుపేర రాజీ కుదుర్చరాదు, ఆ కీడు చేసినవాని యెదుటికి బిడ్డను మరల పంపరాదు. అంతకు ముందే చేయవలసినది ఇంకొకటి కలదు. తన శరీరము తనదనియు, ఇష్టములేని స్పర్శను కాదనవచ్చుననియు, రహస్యముగా నుంచుమని ఎవరు బెదిరించినను అమ్మతోనో అయ్యవారితోనో చెప్పవచ్చుననియు చిన్ననాటనే బిడ్డకు నేర్పవలయును. ఇట్లు నేర్పుట సిగ్గుచేటని తలచు ఇండ్లు, సిగ్గుచేటు ఏదో ఇంకను తెలిసికొనవలసియున్నవి.

పత్రికలకును ఈ చరిత్రములో ఒక పాఠము కలదు. అప్పారావుగారు పీఠికలో లెక్కను ప్రకటించిరి. ఏ యింటి పేరును బయటపెట్టలేదు. నాటకమున కల్పితనామములతో సత్యమును చెప్పిరి. నేరమునకు వెలుగును, బిడ్డకు మరుగును ఇచ్చిరి. నేటి చట్టమును బిడ్డ పేరును, ఊరును, బడిని, ఆనవాళ్లను ప్రకటింపరాదని శాసించుచున్నది. సంచలనమునకై ఈ కట్టుబాటును మీరిన వార్త ఒక్కటి వెలువడినను ఆ బిడ్డకు రెండవమారు అపకారము జరిగినట్లే. మా వృత్తివారు దీనిని శాసనభయమునగాక ధర్మముగా పాటింపవలయునని కోరుచున్నాము.

విజయనగరమున తయారైన ఆ పట్టికలో ఒక్కయేటి పసికందులు మువ్వురున్నారని పైన వ్రాసితిమి. వారి పేర్లు మనకు తెలియవు. బ్రదికి సుఖపడిరో, పదియేండ్లకే తల గొరిగించుకొనిరో, పూర్ణమ్మ త్రోవ పట్టిరో చెప్పువారు లేరు. వారిని గూర్చి లోకమునకు మిగిలినదెల్ల ఒక అంకెయు, ఒక ధరయు మాత్రమే. ఆ అంకెనైనను మిగిల్చిన పుణ్యము మహారాజుదియు అప్పారావుగారిదియు. నేడు విగ్రహమునకు మాల వేసి ఇంటికి మరలు ప్రతివారును తమ వీధిలోని పిల్లలను ఒకమారు నిదానించి చూచి, ఎవరైనను ఆటలకు దూరముగా ఒంటిగా కూర్చుండినచో దగ్గరకు పోయి పలుకరింతురుగాక. కవికి అదియే మా జయంతి నివాళి.